జగిత్యాల ఖిల్లా: ఫ్లారెన్సులో మొదలైన గీత

ఇటలీలోని ఫ్లారెన్సు నగరాన్ని చూడబోయేవారు సాధారణంగా చిత్రాల కోసం, శిల్పాల కోసం, బ్రునెలెస్కి 1420 నుంచి 1436 వరకు దగ్గరుండి కట్టించిన ప్రధాన దేవాలయపు గుమ్మటం కోసం వెళతారు. మరుగున పడిన గ్రీకు, రోమను విద్యలు పదిహేను, పదహారు శతాబ్దాల్లో తిరిగి చిగురించి ఆ నగరాన్ని కళలకు పుట్టినిల్లుగా చేసిన కాలాన్నే చరిత్రకారులు సాంస్కృతిక పునరుజ్జీవనం అంటారు. అయితే ఆ కాలపు చిత్రకారులు, శిల్పులు, వాస్తుకారులు తమ తెలివినంతా పటాల మీదా పాలరాతి మీదా మాత్రమే వెచ్చించలేదు. కోటగోడల మీద కూడా వెచ్చించారు. ఇటలీలో వాళ్లు రూపుదిద్దిన నక్షత్రాకారపు కోట రెండు శతాబ్దాలలో ఐరోపా అంతటా పాకి, ఓడలెక్కి, ఉత్తర తెలంగాణలోని జగిత్యాలకు చేరింది. జగిత్యాల ఖిల్లా గోడల మలుపులలో ఫ్లారెన్సు విద్య ఉన్నదన్న సంగతి ఆ ఊరివారికి తెలియవలసినంతగా తెలియకపోవడం ఈ ప్రాంతపు చరిత్ర రచనలో ఉన్న పెద్ద లోటు.

కోటలను మన పూర్వులు నెలవును బట్టి విభజించారు. కొండమీద కట్టినది గిరిదుర్గం, నీటి నడుమ ఉన్నది జలదుర్గం, అడవి చాటున ఉన్నది వనదుర్గం, చదునునేల మీద లేచినది స్థలదుర్గం. కరీంనగర్ పక్కనున్న ఎలగందుల కోట, పాత సిరిసిల్ల తాలూకాలోని అనంతగిరి కోట మొదటి తెగకు చెందినవి. జగిత్యాలది చివరి తెగ. కొండ ఎక్కివచ్చే శత్రువును ఆ కొండే సగం ఆపుతుంది కనుక గిరిదుర్గం కట్టేవాడు రాళ్ల వాలును అనుసరించి గోడ నడిపిస్తే సరిపోతుంది. చదునునేల మీద అటువంటి సాయం ఏదీ దొరకదు కాబట్టి, అక్కడ కొండ చేయవలసిన పనిని గోడ ఆకారమే చేయాలి. బ్రిటిషు ప్రభుత్వం దేశంలోని ప్రాంతాల వివరాలన్నీ సేకరించి 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అచ్చువేసిన ఇంపీరియల్ గెజెటీరు ఈ రెండు కోటలనూ ఒకేచోట ప్రస్తావిస్తూ, అనంతగిరి కోట శిథిలమై ఉన్నదనీ, జగిత్యాల కోటను 1747లో ఐరోపా ఇంజనీర్లు కట్టారనీ నమోదు చేసింది. 

జగిత్యాల ఖిల్లా విశేషం అర్థం కావాలంటే ముందుగా తెలంగాణ పల్లెలలో ఇప్పటికీ అక్కడక్కడ నిలిచి ఉన్న గుండ్రటి బురుజును గుర్తుచేసుకోవాలి. బురుజు అంటే గోడ నుంచి ముందుకు పొడుచుకువచ్చిన బలమైన కట్టడం. దాని మీద నిలబడినవాడికి గోడ వెంట రెండు పక్కలా చూపు ఆనుతుంది. అయితే గుండ్రటి బురుజులో ఒక దోషం ఉంది. పక్క బురుజు మీది నుంచి చూసే కావలివాడి చూపు గుండ్రటి గోడ అంచును తాకి జారిపోతుంది గాని, బురుజుకు సరిగ్గా ఎదురుగా ఉన్న కొద్దిపాటి నేల అతడికి కనబడదు. ఆ చాటునేలలోకి ఎలాగో చొరబడిన శత్రువు పునాది కింద సొరంగం తవ్వి మందుపాతర పెట్టవచ్చు, నిచ్చెన వేయవచ్చు. పైనున్నవాడు గోడ మీదుగా ఒళ్లంతా వంచి తొంగిచూస్తే తప్ప అతడిని కొట్టలేడు. బాణాలు, ఒడిసెల రాళ్ల కాలంలో ఈ దోషాన్ని వేడినూనెతోనో, దొర్లించిన బండలతోనో సరిపుచ్చుకోగలిగారు గాని, ఫిరంగి వచ్చిన తర్వాత దానిని సరిపుచ్చుకోవడం సాధ్యం కాలేదు.

ఇటలీకి ఆ పాఠం 1494లో అందింది. ఫ్రాన్సు రాజు ఎనిమిదో చార్లెస్ చక్రాల బండ్ల మీద కంచు ఫిరంగులను లాగించుకుంటూ ఆల్ప్స్ పర్వతాలు దాటి వచ్చాడు. ఎత్తుగా, పలచగా, నిటారుగా కట్టిన పాత కోటగోడలు వాటి ఇనుపగుండ్లకు నిలవలేవని అందరికీ తేటతెల్లమయింది. ఫ్లారెన్సు పెత్తనం చేస్తున్న పియెరో దె మెదిచి పోరాడకుండానే సార్జానా మొదలైన సరిహద్దు కోటలను ఫ్రెంచివారికి అప్పగించినందుకు నగరవాసులు మండిపడి, అతడి కుటుంబాన్నే నగరం నుంచి వెళ్లగొట్టారు. కోటల చర్చ అంతటితో సైనికుల చేతి నుంచి కళాకారుల బల్లమీదికి వచ్చింది. రాజనీతిజ్ఞుడుగా పేరుపడిన మాకియవెల్లి 1526లో ఫ్లారెన్సు ప్రాకారాల పర్యవేక్షక సంఘానికి కార్యదర్శిగా నియమితుడై, గోడలను ఎక్కడ బలపరచాలో చూస్తూ నగరం చుట్టూ తిరిగి నివేదిక రాశాడు. 1529లో ఆ పని మొత్తం మైకెలాంజెలో చేతికి వచ్చింది.

దావీదు విగ్రహం చెక్కిన ఆ మహాశిల్పి తన నగరానికి కోటగోడల అధికారిగా పనిచేశాడన్న విషయం తెలుగు పాఠకులకు కొత్తగా తోచవచ్చు. చక్రవర్తి అయిదో చార్లెస్ సేన, మెదిచి వంశంలోనే పుట్టిన పోపు ఏడో క్లెమెంట్ ప్రోద్బలంతో, 1529 అక్టోబరు నుంచి 1530 ఆగస్టు వరకు ఫ్లారెన్సును ముట్టడించింది. అప్పుడు నగర ద్వారాల కోసం మైకెలాంజెలో గీసిన బురుజుల నక్షాలు ఈనాటికీ ఫ్లారెన్సులో అతడి కుటుంబానికి చెందిన ఇంట్లో భద్రంగా ఉన్నాయి. ఆ కాగితాల మీద బురుజులు పీతల డెక్కల్లా చాచుకుని ఉంటాయి. వాటి నుంచి నలుదిక్కులకూ సన్నని గీతలు బయలుదేరుతాయి, ఆ గీతలు ఫిరంగి గుండు పోయే దారులు. నగరం పక్క గుట్టమీది సాన్ మినియాతో దేవాలయపు గంటగోపురం మీద మోహరించిన ఫిరంగులను మట్టుపెట్టడానికి శత్రువు ఆ గోపురం మీదనే గుండ్లు కురిపిస్తుంటే, మైకెలాంజెలో ఉన్నిమూటలను, దళసరి పరుపులను తాళ్లతో కట్టి గోపురం చుట్టూ వేలాడదీయించాడనీ, గుండ్లు వాటి మెత్తదనంలో చిక్కి వేగం కోల్పోయాయనీ అతడి జీవితచరిత్రకారుడు వాసారి రాశాడు. సిరిసిల్ల వంటి నేతఊరి పాఠకులు గమనించదగిన మాట ఇక్కడ ఒకటి ఉంది. ఫ్లారెన్సు సంపదకు మూలం బ్యాంకుల వ్యాపారంతో పాటు ఉన్ని నేత; అక్కడి ఉన్ని వర్తకుల సంఘమే ప్రధాన దేవాలయ నిర్మాణ భారాన్ని మోసింది. నేతగాళ్ల నగరం తన గోపురాన్ని నేతసరుకుతోనే కాచుకున్నది.

ముట్టడి చివరికి ఫ్లారెన్సు ఓటమితో ముగిసింది. తిరిగి అధికారం చేపట్టిన మెదిచి వంశపు అలెస్సాంద్రో 1534లో ఆంతోనియో దా సాంగాల్లో అనే వాస్తుకారుడి చేత నగరం అంచున ఐదు కోణాల కొత్త కోట కట్టించాడు. ఫోర్తెజ్జా దా బాస్సో అని పిలిచే ఆ కోట బయటి శత్రువు కంటే లోపలి ప్రజల తిరుగుబాటును అణచడానికే పుట్టింది. దాని ఫిరంగులు నగరం వైపూ చూసేవి. అయినా కట్టడ విద్య దృష్టితో చూస్తే అది కోణపు బురుజు పూర్తిగా కుదురుకున్న తొలి కోటలలో ఒకటి.

కోణపు బురుజు సూత్రం చెప్పడానికి సులువు. గుండ్రటి బురుజుకు ముందు మిగిలిపోయే చాటునేలను కూడా కలుపుకుంటూ బురుజునే బాణపు ములికిలా ముందుకు పొడిగిస్తే, శత్రువు దాక్కునే చోటే రాతికట్టడంలో భాగమైపోతుంది. ఆ ములికి రెండు ముఖాలూ పక్క బురుజుల మీది ఫిరంగుల చూపులో పడేలా కోణాన్ని లెక్కకట్టాలి. అప్పుడు కోటలో ప్రతి బురుజునూ దాని ఇరుగుపొరుగు బురుజులు కాస్తాయి, కోట చుట్టూ ఎక్కడా గుండుకు అందని జానెడు నేల మిగలదు. గోడ ఎత్తు తగ్గించి మందం పెంచుతారు, వెనుక మట్టి దట్టిస్తారు, ముందు వెడల్పాటి కందకం తవ్వుతారు. పై నుంచి చూస్తే ఇదంతా నక్షత్రంలా కనబడుతుంది గాని, నక్షత్రం గీయాలన్నది ఎవరి ఉద్దేశమూ కాదు. లెక్క తేలిన చోట ఆ ఆకారం దానంతట అదే వచ్చింది.

చిత్రకళకూ ఈ లెక్కకూ ఉన్న చుట్టరికం గట్టిది. ఫ్లారెన్సు చిత్రకారులు కనిపెట్టిన దూరదృశ్య సూత్రం, అంటే చదునైన పటం మీద దూరాలను నిజంగా ఉన్నట్టు చూపించే పద్ధతి, కంటి నుంచి వస్తువుకు తిన్నని గీతలు పోతాయన్న ఊహ మీద నిలిచింది. ఆ సూత్రాన్ని 1435లో గ్రంథస్థం చేసిన అల్బెర్తీయే తరువాత వాస్తువు మీద రాసిన గ్రంథంలో, కోటగోడలను తిన్నగా కాక రంపపు పళ్లలా మడతలు పెట్టి కట్టడం మేలని సూచించాడు. కంటి చూపు పోయే గీత, ఫిరంగి గుండు పోయే గీత ఆ కాలపు వాస్తుకారుడి కాగితం మీద ఒకటే గీత. చిత్రపటంలో లోతు చూపించినవాడే కోటకు చాటునేల లేకుండా చేశాడు.

మట్టి దెబ్బను మింగుతుందన్న తెలివి మాత్రం తెలుగు నేలకు ఇటలీ నేర్పవలసినది కాదు. ఓరుగల్లులో కాకతీయులు రాతికోట వెలుపల ఎత్తిన మట్టికోట మంజనీకాల, అంటే పెద్ద రాళ్లను విసిరే కొయ్యయంత్రాల, దెబ్బలను తట్టుకున్నది. కొత్తగా వచ్చినది కోణాల లెక్క.

ఆ లెక్క ఇటలీ నుంచి ఫ్రాన్సుకు పోయి, పద్నాలుగో లూయీ కొలువులోని వోబాన్ చేతిలో శాస్త్రంగా స్థిరపడింది. 1633 నుంచి 1707 వరకు జీవించిన ఆ ఇంజనీరు ఫ్రాన్సు సరిహద్దుల పొడవునా కోటలు కట్టించాడు. అతడి పద్ధతినే అనుసరించి ఫ్రెంచి వర్తక కంపెనీ పుదుచ్చేరిలో ఐదు కోణాల కోట కట్టి 1706 నాటికి ముగించింది. ఐరోపా మందుగుండు విద్య అంతకు ముందే తెలుగు దేశంలోకి మనుషుల రూపంలో వచ్చింది. 1652లో గండికోటను చూసిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియె, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోసం క్లోద్ మాయె అనే ఫ్రెంచివాడు అక్కడ ఫిరంగులు పోత పోస్తున్నాడని రాశాడు. తెలుగులో ఫిరంగి అనే మాటే ఆ కథ చెబుతుంది. పారసీకులు ఐరోపావారిని ఫరంగీలు అన్నారు, ఆ పేరు వారి ఆయుధానికి అంటుకుని తెలుగు నోట ఫిరంగి అయింది. బురుజు, ఖిల్లా, గచ్చు వంటి మాటలు కూడా అరబ్బీ, పారసీకాల నుంచి వచ్చినవే. కోట చుట్టూ తవ్విన గుంతకు మాత్రం అగడ్త అనే సొంత మాట తెలుగుకు మిగిలి ఉన్నది.

1747 అన్న తేదీని ఇక్కడ నిదానించి చూడాలి. జగిత్యాల కోటను ఫ్రెంచివారు కట్టారన్న మాట వినగానే చాలామందికి నిజాం కొలువులో చక్రం తిప్పిన సేనాని బుస్సీ గుర్తుకు వస్తాడు గాని, అతడు హైదరాబాదు రాజ్యంలో అడుగుపెట్టింది 1751లో. 1747లో మొదటి నిజాం ఆసఫ్ జా ఇంకా బతికే ఉన్నాడు. అతడు మరణించింది 1748లో. కాబట్టి ఈ కోట ఫ్రెంచి రాజ్యాధికారం వెంట వచ్చిన కట్టడం కాదు. జీతానికి కుదిరిన ఐరోపా నిపుణుల పనితనంగానే దీనిని చూడాలి. ఆ తేదీకి ముందు ఏడాదే, 1746లో, అడయారు నది ఒడ్డున పారదీ అనే ఇంజనీరు నడిపించిన చిన్న ఫ్రెంచి దండు ఆర్కాటు నవాబు పెద్ద సైన్యాన్ని చెదరగొట్టింది. ఆ వార్త దక్కనులోని సరదారులందరినీ ఆలోచనలో పడేసింది. కోట కట్టిన మరుసటి ఏడాదే, 1748లో, ఇంగ్లీషు నౌకాసేనాని బాస్కావెన్ పుదుచ్చేరిని ముట్టడించి, కోణపు బురుజుల ముందు ఏమీ చేయలేక వెనుదిరిగాడు. జగిత్యాల ఖిల్లా ఆ రెండు సంఘటనల నడుమ లేచింది. ఐరోపా ఫిరంగికి ఐరోపా గోడే మందు అని ఎలగందుల పాలకుడు ముందుగానే గ్రహించాడని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆ పాలకుడు జఫరుద్దౌలా. ఎలగందుల కోటలో 1754లో మసీదు కట్టించి, ఊపితే కదిలే మినారుతో దానికి పేరు తెచ్చినవాడు కూడా అతడే. ఇబ్రహీం బేగ్ అనే అసలు పేరుతోనూ, దంసా అనే బిరుదుతోనూ కూడా ఈ ప్రాంతపు చరిత్రలో అతడి ప్రస్తావన వస్తుంది. అతడి ఏలుబడిలోని నిర్మల్ చుట్టూ ఉన్న కోటలలోనూ ఫ్రెంచి పనితనం ఉన్నదని పెద్దలు చెప్పుకుంటారు. అతడి తరువాత అతడి కొడుకు, నిజాం అలీ ఖాన్ మీద తిరగబడగా, నిజామే స్వయంగా దండెత్తి వచ్చి నిర్మల్‌ను లొంగదీసుకోవలసి వచ్చింది. కోటలు కట్టుకున్న సరదారులంటే రాజధానికి ఎప్పుడూ అనుమానమే.

ఖిల్లాను గురించి ఊళ్లో అందరూ చెప్పుకునే కథ ఒకటి ఉంది. జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు ఈ కోట కట్టారనీ, వాళ్ల పేర్లు కలిసి జగిత్యాల అయిందనీ ఆ కథ. కథలోని ప్రేమ గౌరవించదగినదే. కట్టినవాడి పేరు ఊరికి పెట్టుకోవడం కంటే పెద్ద కృతజ్ఞత ఏముంటుంది? అయితే ఈ వ్యుత్పత్తి నిలవదు. జాక్ అన్నది ఇంగ్లీషు పలుకుబడి; ఫ్రెంచివాడి నోట ఆ పేరు ఝాక్ అని పలుకుతుంది. పైగా ఈ కథ ఊరి పేరును ఇంగ్లీషులో రాసుకున్న తీరుకు అతికినంతగా తెలుగు పలుకుబడికి అతకదు. జగిత్యాల అన్న పేరులోని చివరి భాగం చుట్టుపక్కల ఊళ్లలోనూ వినబడుతుంది. అటు గోదావరి ఒడ్డున మంచిర్యాల ఉంది; ఇటు గంగాధర దగ్గర, పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో మూడు భాషలలో శాసనం చెక్కించిన గుట్ట ఉన్న కురిక్యాల ఉంది. కాకతీయులకు ముందు ఈ సీమను ఏలిన పొలవాస ప్రభువుల రాజధాని, నేటి పొలాస, జగిత్యాలకు పక్కనే ఉన్నది; ఆ వంశపు జగ్గదేవుడి పేరుతో ఊరిని ముడిపెట్టే అభిప్రాయం ఫ్రెంచి కథ కంటే నేలకు దగ్గరగా ఉన్నది. హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని ముసియే రేమాఁ పేరును జనం మూసారాం చేసుకుని మూసారాంబాగ్ పేటకు పెట్టుకున్నారు నిజమే గాని, రేమాఁ 1798లో చనిపోయి అక్కడే సమాధిలో ఉన్న చారిత్రక వ్యక్తి. జాక్, తాల్‌లకు అటువంటి ఆధారం లేదు. కోట కట్టిన ఐరోపావారు నిజం. ఊరి పేరు వారికంటే పాతది.

దేశంలో ఇటువంటి కోటల వరుసలో జగిత్యాల ఎక్కడ నిలుస్తుందో పోల్చి చూస్తే దాని విలువ తెలుస్తుంది. కన్నడ దేశంలో సకలేశపుర దగ్గర టిప్పు సుల్తాను కట్టించిన ఎనిమిది కోణాల మంజరాబాద్ కోట 1792 నాటిది. ఆకాశం నుంచి తీసిన దాని ఛాయాచిత్రాలు దేశమంతా తిరిగి, యాత్రికులను వేలల్లో రప్పిస్తున్నాయి. జగిత్యాల ఖిల్లా దానికి నలభై ఐదేళ్లు పెద్దది. ఇంగ్లీషువారు కలకత్తాలో కొత్త ఫోర్ట్ విలియం పని మొదలుపెట్టిన 1758 కంటే కూడా ఇది పదకొండేళ్లు ముందు. ఇక తెలుగువారికి మరచిపోలేని 1757 జనవరి 24న, బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను బద్దలుకొట్టి ఒక వీరజాతిని బూడిద చేశాయి. అదే కాలంలో పాత పద్ధతి కోట బొబ్బిలిలోనూ, కొత్త పద్ధతి కోట జగిత్యాలలోనూ ఉండడం గమనిస్తే, ఫిరంగి కాలం తెలుగు దేశాన్ని ఎంత వేగంగా, ఎంత క్రూరంగా తాకిందో అర్థమవుతుంది.

జగిత్యాల పేరు వినగానే ఈ తరం చరిత్ర పాఠకులకు 1978 సెప్టెంబరు 7న జరిగిన రైతుకూలీల జైత్రయాత్ర, ఆపైన జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన సంగతి తలపుకు వస్తాయి. 2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్ల రెండూ జిల్లా కేంద్రాలయ్యాయి.  ఈ సమీప చరిత్ర ఖిల్లా చరిత్రను వెనక్కి నెట్టిందంటే తప్పు పట్టవలసిన పని లేదు, అది బతికున్నవాళ్ల చరిత్ర. కాని కోటను మరచిపోవడానికి అది కారణం కారాదు.

ఖిల్లాను చూడవచ్చినవారు తిన్నగా లోపలికి పోయి బురుజు మీది ఫిరంగి పక్కన ఛాయాచిత్రం తీసుకుని వెనుదిరిగితే కోటను చూసినట్టు కాదు. ముందుగా వెలుపల కందకం వెంట ఒక చుట్టు తిరగాలి; రాయికీ రాయికీ నడుమ సున్నం పట్టిన తీరు, గోడ ఒక్కసారిగా ముందుకు పొడుచుకువచ్చి మళ్లీ వెనక్కి మళ్లే మూలలు కంటితో పట్టుకోవాలి. ఒక బురుజు మొనలో నిలబడి పక్క బురుజు ముఖం వైపు చూస్తే, ఆ ముఖం పొడవునా చూపు తిన్నగా జారిపోతుంది, ఎక్కడా చాటు దొరకదు. మైకెలాంజెలో కాగితం మీది సన్నగీత అక్కడ రాతిలో ఉన్నది.

ఫ్లారెన్సు తన శిల్పి గీసిన బురుజుల నక్షాలను దాదాపు అయిదు వందల ఏళ్లుగా పదిలంగా దాచుకున్నది. జగిత్యాల ఖిల్లాకు ప్రతి కోణాన్నీ, గోడ మందాన్నీ, కందకం లోతునూ కొలిచి ఒక పూర్తి నక్షా గీయించాలి; ఆ నక్షాను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడులలోని ప్రతి చరిత్ర తరగతి గోడకూ తగిలించాలి. ఆ పనిని పురావస్తు శాఖ, పట్టణ పాలకులు, ఊళ్లోని ఉపాధ్యాయులు కలిసి చేపట్టాలి. కందకం పూడిపోకముందే చేపట్టాలి.